కొత్త ఆటగాడికి మార్కులు వేయడం ఎలా?

నారాయణపేట చీర మీకు తెలిసిందే. మగ్గం ముందు కొత్తగా కూర్చున్న ఒక కుర్రవాణ్ణి ఊహించుకోండి. అతను నేసిన మొదటి చీరలో నాలుగైదు చోట్ల పోగులు తెగాయి. గళ్ళు ఒకచోట వంకర పోయాయి. చూసినవాళ్ళు "వీడికి నేత రాదు" అని తేల్చేస్తారు. కాని అనుభవం ఉన్న నేతగాడు అంత తొందరపడడు. ముందు పడుగును చేత్తో తడిమి చూస్తాడు. నూలు గట్టిదేనా? గంజి సరిగా పట్టిందా? ఎందుకంటే ఆ పడుగును కుర్రవాడు తయారు చేయలేదు. ఎవరో సిద్ధం చేసి మగ్గానికి ఎక్కించారు. అతను వేసింది పేక మాత్రమే. చీరలో మాత్రం పడుగూ పేకా కలిసిపోయి కనిపిస్తాయి.

ఆటల్లోనూ ఇదే చిక్కు ఉంది. మీ బడి క్రికెట్ జట్టు బలహీనమైనదనుకోండి. తొమ్మిదో తరగతి నుంచి ఒక కొత్త బౌలర్ వచ్చాడు. మూడు మ్యాచ్‌లు ఆడాడు. ఒక్క వికెట్ కూడా పడలేదు. మూడింటిలోనూ జట్టు ఓడిపోయింది. "ఇతన్ని తీసేయండి" అని కొందరు అంటున్నారు. "ఇంకా చూద్దాం" అని మరికొందరు అంటున్నారు. ఎవరి మాట సరైనది? మామూలుగా ఇటువంటి వాదంలో గొంతు పెద్దదైనవాడు గెలుస్తాడు. గొంతుతో కాక లెక్కతో తేల్చవచ్చునా? ఎంతవరకు తేల్చవచ్చు? ఈ వ్యాసంలో అదే తెలుసుకుందాం.

అంకెలో ఎవరెవరి వాటా ఉంది?

"మూడు మ్యాచ్‌లు, సున్న వికెట్లు." ఇది ఒక అంకె. ఈ అంకె ఎలా పుట్టింది? కొంచెం ఆలోచిస్తే ఇందులో మూడు వాటాలు కనిపిస్తాయి.

మొదటిది ఆటగాడి నేర్పు. బంతి ఎంత వేగంగా, ఎంత కచ్చితంగా వేస్తున్నాడన్నది ఇందులోకి వస్తుంది.

రెండవది జట్టు, పరిస్థితులు. ఫీల్డర్లు క్యాచ్‌లు పట్టారా? కెప్టెన్ ఏ ఓవర్లు ఇచ్చాడు? ఎదుటి జట్టు ఎంత గట్టిది? పిచ్ ఎలా ఉంది?

మూడవది అదృష్టం. బంతి బ్యాట్ అంచుకు తగలడానికీ, వెంట్రుకవాసిలో తప్పిపోవడానికీ మధ్య తేడాను ఏ బౌలరూ పూర్తిగా తన చేతిలో పెట్టుకోలేడు. శాస్త్రంలో దీన్ని యాదృచ్ఛికత అంటారు.

మనకు తెలుసుకోవలసింది మొదటి వాటా. మన చేతికి వచ్చే అంకెలో మూడూ కలిసే ఉంటాయి. వీటిని విడదీయడం ఎలా? ముందు మూడవ వాటా సంగతి చూద్దాం. దానికి ఇంట్లో దొరికే వస్తువులు చాలు.

చింతగింజల ప్రయోగం

ఒకే పరిమాణంలో ఉన్న 24 చింతగింజలు తీసుకోండి. ఒకదాని మీద సున్నంతో చుక్క పెట్టి ఆరనివ్వండి. అన్నిటినీ ఒక చెంబులో వేసి బాగా కలపండి. చూడకుండా ఒక గింజ తీయండి. చుక్క గింజ వస్తే వికెట్ పడినట్లు. వట్టి గింజ వస్తే పడనట్లు. తీసిన గింజను మళ్ళీ చెంబులో వేసి, కలిపి, ఇంకొకటి తీయండి. ఇలా 24 సార్లు చేస్తే ఒక మ్యాచ్ పూర్తయినట్లు. అంటే మీ బౌలర్ నాలుగు ఓవర్లు, 24 బంతులు వేశాడన్న మాట.

ఈ చెంబు బౌలర్ నేర్పు ఏనాడూ మారదు. సగటున 24 బంతులకు ఒక వికెట్, అంటే మ్యాచ్‌కు ఒక వికెట్. అటువంటప్పుడు ప్రతి మ్యాచ్‌లోనూ ఒక వికెట్ పడుతుందా? చేసి చూడండి. పడదు.

లెక్క కట్టి కూడా చూడవచ్చు. ఒక బంతికి వికెట్ పడకపోవడానికి సంభావ్యత 23/24. వరుసగా 24 బంతులకూ పడకపోవాలంటే 23/24ను 24 సార్లు గుణించాలి. జవాబు సుమారు 0.36 వస్తుంది. అంటే ఈ బౌలర్ 100 మ్యాచ్‌లు ఆడితే దాదాపు 36 మ్యాచ్‌లలో ఒక్క వికెట్ కూడా పడదు. సుమారు 38 మ్యాచ్‌లలో ఒక వికెట్, 19 మ్యాచ్‌లలో రెండు వికెట్లు, మిగిలిన 7 మ్యాచ్‌లలో మూడు గాని అంతకన్నా ఎక్కువ గాని పడతాయి. చెంబు అదే, గింజలు అవే. అయినా ఒకనాడు "పనికిరానివాడు", ఇంకొకనాడు "మొనగాడు"!

ఇప్పుడు మన తొమ్మిదో తరగతి బౌలర్ దగ్గరికి వద్దాం. మూడు మ్యాచ్‌లలోనూ సున్న రావడానికి సంభావ్యత 0.36 × 0.36 × 0.36. ఇది సుమారు 0.047. అంటే మ్యాచ్‌కు ఒక వికెట్ తీయగల నేర్పున్న బౌలర్లు ఇరవైమంది ఉంటే, వారిలో ఒకరికి మొదటి మూడు మ్యాచ్‌లూ ఇలాగే గడుస్తాయి. జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఒక్కొక్క బడికి ఎందరు బౌలర్లున్నారో ఆలోచించండి. తప్పేమీ లేకుండానే "సున్న" పేరు మోస్తున్న పిల్లలు ప్రతి ఏడూ కొందరు ఉండి తీరాలి.

గమనించండి. మీ బౌలర్ మంచివాడని ఈ లెక్క చెప్పడం లేదు. నేర్పు లేనివాడికి కూడా మూడు సున్నలు వస్తాయి, ఇంకా తేలికగా వస్తాయి. మూడు మ్యాచ్‌లను బట్టి ఇద్దరినీ వేరుచేయడం కష్టమని మాత్రమే ఇది చెబుతున్నది.

ఎన్ని మ్యాచ్‌లు చూస్తే చాలు? దీనికి గణితంలో ఒక చక్కని నియమం ఉంది. సగటులో అదృష్టం వల్ల వచ్చే ఊగిసలాటను సగానికి తగ్గించాలంటే రెండింతలు కాదు, నాలుగింతలు చూడాలి. నాలుగో వంతుకు తగ్గించాలంటే పదహారింతలు చూడాలి. నిజం తెలియాలంటే ఓపిక ఎంత అవసరమో ఈ నియమమే చెబుతుంది.

ఒకే ప్రత్యర్థి, రెండు రోజులు

ఇదంతా చెంబులో మాట. నిజమైన మైదానంలో ఏం జరుగుతుంది? మన హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్ సంగతి చూడండి.

సిరాజ్ తండ్రి ఆటో నడిపి కుటుంబాన్ని పోషించారు. 2016-17 రంజీ పోటీల్లో సిరాజ్ హైదరాబాదు జట్టు తరఫున 41 వికెట్లు తీసి అందరి దృష్టిలో పడ్డాడు. 2017 నవంబరులో రాజ్‌కోట్‌లో న్యూజిలాండ్ మీద భారత జట్టు తరఫున మొదటి ట్వంటీ-20 మ్యాచ్ ఆడాడు. నాలుగు ఓవర్లలో 53 పరుగులిచ్చి ఒక వికెట్ తీశాడు. 2019 జనవరిలో అడిలైడ్‌లో ఆస్ట్రేలియా మీద మొదటి వన్‌డే ఆడాడు. పది ఓవర్లు, 76 పరుగులు, వికెట్ లేదు.

ఆ ఏడాది ఐపీఎల్‌లో అతను బెంగళూరు జట్టులో ఉన్నాడు. ఆ జట్టుకు అది చెడ్డకాలం. మొదటి ఆరు మ్యాచ్‌లూ ఓడిపోయింది. చివరికి ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానంలో నిలిచింది. 2019 ఏప్రిల్ 5న కోల్‌కతా జట్టుతో ఆడిన మ్యాచ్‌లో బెంగళూరు 205 పరుగులు చేసి కూడా గెలవలేకపోయింది. సిరాజ్ వేసింది 2.2 ఓవర్లే, అంటే 14 బంతులు. వాటిలో 36 పరుగులిచ్చాడు. నడుము కన్నా ఎత్తులో నేరుగా దూసుకుపోయే ఫుల్‌టాస్‌లు రెండు పడడంతో, నియమం ప్రకారం అంపైర్ అతన్ని ఇక బౌలింగ్ చేయనివ్వలేదు. క్రికెట్ మానేసి తండ్రితో పాటు ఆటో నడుపుకొమ్మని ఆ రోజుల్లో కొందరు తనను ఎగతాళి చేశారని సిరాజ్ తర్వాత చెప్పాడు.

ఏడాదిన్నర గడిచింది. 2020 అక్టోబరు 21. అబుదాబిలో మళ్ళీ అదే కోల్‌కతా జట్టు. అదే సిరాజ్. నాలుగు ఓవర్లు వేసి 8 పరుగులే ఇచ్చి 3 వికెట్లు తీశాడు. అందులో రెండు ఓవర్లలో ఒక్క పరుగు కూడా రాలేదు. ఐపీఎల్‌లో ఒకే మ్యాచ్‌లో రెండు మెయిడెన్ ఓవర్లు వేసిన మొదటి బౌలర్ అతనే. కోల్‌కతా ఇరవై ఓవర్లలో 84 పరుగులు మాత్రమే చేయగలిగింది.

ఈ రెండింటిలో ఏది అసలు సిరాజ్? రెండూ కాదు. ఒకటి 14 బంతుల నమూనా, ఇంకొకటి 24 బంతుల నమూనా. 14 బంతులు చూసి ఆటో నడుపుకొమ్మన్నవారు ఎంత తప్పు చేశారో, 24 బంతులు చూసి ఇంతకు మించినవాడు లేడనేవారు కూడా అంతే తప్పు చేసినట్లు. 41 వికెట్ల రంజీ సీజన్ ఈ రెండింటికన్నా ఎన్నో రెట్లు పెద్ద నమూనా. రంజీ మ్యాచ్ నాలుగైదు రోజుల ఆట, ట్వంటీ-20 మూడు గంటల ఆట. కాబట్టి ఒకదాని లెక్కను రెండోదానికి యథాతథంగా అతికించలేము. అయినా కొత్త సాక్ష్యం వచ్చిందని పాత సాక్ష్యాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. రెండింటినీ త్రాసులో పెట్టి, దేని బరువు ఎంతో చూడాలి.

తర్వాతి సంగతి చాలామందికి తెలుసు. 2020 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో సిరాజ్ మొదటి టెస్టు ఆడి అయిదు వికెట్లు తీశాడు. 2021 జనవరిలో బ్రిస్బేన్ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు పడగొట్టాడు. ఆ రోజు శ్రీలంక జట్టు 50 పరుగులకే కుప్పకూలింది.

పడుగు ఎవరిది?

ఇక రెండవ వాటా, అంటే జట్టు వాటా సంగతి. ఒక బౌలర్ ఒక సీజన్‌లో 20 క్యాచ్ అవకాశాలు పుట్టించాడనుకోండి. పదింటిలో ఎనిమిది పట్టే జట్టులో ఉంటే అతనికి 16 వికెట్లు వస్తాయి. పదింటిలో అయిదే పట్టే జట్టులో ఉంటే 10 వికెట్లే వస్తాయి. బౌలర్ చేసింది రెండుచోట్లా ఒకటే. పత్రికలో అచ్చయ్యే అంకె మాత్రం వేరు.

దీనికి ఒక ఉదాహరణ కూడా సిరాజ్ ఆటలోనే దొరుకుతుంది. 2025 ఆగస్టు 3న లండన్‌లోని ఓవల్ మైదానంలో ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ హ్యారీ బ్రూక్ 19 పరుగుల దగ్గర ఉన్నాడు. ప్రసిద్ధ్ కృష్ణ వేసిన బంతిని గాలిలోకి కొట్టాడు. బౌండరీ దగ్గర సిరాజ్ క్యాచ్ పట్టాడు. కాని అడుగు వెనక్కి వేసి సరిహద్దు తొక్కాడు. వికెట్ రావలసిన చోట సిక్సర్ అయింది. బ్రూక్ 111 పరుగులు చేశాడు. ప్రసిద్ధ్ లెక్కలో ఆ బంతి "ఆరు పరుగులిచ్చిన బంతి"గానే నిలిచింది. అందులో సిరాజ్ కాలు వాటా ఎంతో స్కోరు పట్టిక చెప్పదు. మరునాడు అదే సిరాజ్ చివరి వికెట్ తీసి, భారత్‌ను 6 పరుగుల తేడాతో గెలిపించాడు. ఆ ఇన్నింగ్స్‌లో అతనికి అయిదు వికెట్లు వచ్చాయి. ఇంత పెద్ద ఆటగాళ్ళ మధ్యనే ఇలా జరిగితే, మీ బడి జట్టులో ఎన్నిసార్లు జరుగుతుందో చెప్పనక్కరలేదు.

జట్టు వాటాను విడదీయడానికి మంచి ఉపాయం పోలిక. జీవశాస్త్రం పాఠంలో ఒక మొక్కను ఎండలోనూ, ఇంకొక మొక్కను చీకటిలోనూ పెట్టి పోల్చడం చదివే ఉంటారు. మట్టి, నీరు, కుండీ ఒకేలా ఉంచి వెలుతురు ఒక్కదాన్నే మారుస్తాము. ఇక్కడా అంతే. కొత్త బౌలర్‌ను గట్టి జట్టులోని బౌలర్‌తో పోల్చకూడదు. అదే జట్టులో, అదే పిచ్ మీద, అదే ఫీల్డర్లతో ఆడే తోటి బౌలర్‌తో పోల్చాలి. వేసే ఓవర్లు కూడా ఒకే రకమైనవై ఉండాలి. చివరి ఓవర్లలో బ్యాట్స్‌మెన్ తెగించి కొడతారు. అక్కడ ఓవర్‌కు పది పరుగులిచ్చిన బౌలర్, మధ్య ఓవర్లలో ఎనిమిదిచ్చిన బౌలర్‌కన్నా గొప్పవాడు కావచ్చు.

తిట్టు ఫలించిందా?

ఇక్కడ ఒక వింత చెప్పాలి. చెంబు బౌలర్‌కు ఒక మ్యాచ్‌లో సున్న వచ్చింది. మీరు చెంబును గట్టిగా తిట్టండి! తర్వాతి మ్యాచ్‌లో ఏమవుతుంది? కనీసం ఒక వికెట్ పడే అవకాశం 100కు 64. అంటే ఎక్కువసార్లు "తిట్టు ఫలించినట్లు" కనిపిస్తుంది. ఇంకొక మ్యాచ్‌లో మూడు వికెట్లు పడ్డాయి. చెంబును బాగా మెచ్చుకోండి. తర్వాతి మ్యాచ్‌లో మళ్ళీ కనీసం మూడు పడే అవకాశం 100కు ఏడెనిమిది మాత్రమే. "మెచ్చుకుంటే చెడిపోయింది" అనిపిస్తుంది. చెంబుకు చెవులు లేవని మనకు తెలుసు!

చాలా చెడ్డ ఫలితం తర్వాత వచ్చేది సాధారణంగా అంత చెడ్డగా ఉండదు. చాలా మంచి ఫలితం తర్వాత వచ్చేది అంత మంచిగా ఉండదు. దీన్ని "సగటువైపు మరలడం" అంటారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తునూ పిల్లల ఎత్తునూ పోలుస్తూ దీన్ని గుర్తించాడు. తర్వాత డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇజ్రాయెల్ వైమానిక దళంలోని శిక్షకులతో మాట్లాడుతుండగా ఇదే సంగతి తలెత్తింది. మెచ్చుకుంటే పైలట్లు చెడిపోతున్నారనీ, తిడితే బాగుపడుతున్నారనీ ఒక శిక్షకుడు వాదించాడు. నిజానికి అతను చూస్తున్నది సగటువైపు మరలడాన్నే అని కానెమన్ గ్రహించాడు. కొత్త ఆటగాణ్ణి తిట్టి బాగుచేశామని చెప్పుకునేవారు ఈ చెంబును ఒకసారి తలచుకోవాలి.

అమెరికాలో ఇద్దరు కొత్తవాళ్ళు

"సిరాజ్ కథ బాగుంది. అయితే కష్టపడే ప్రతి కొత్తవాడూ గొప్పవాడవుతాడా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. జవాబు, కాడు. పైకి వచ్చినవారి కథలే మనం చెప్పుకుంటాము. రానివారి కథలు వినపడవు. అందుకని ఇద్దరి కథనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. దీనికి అమెరికా వెళ్ళాలి.

అక్కడి ఫుట్‌బాల్ మనది కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో, రెండు కొసలూ మొనదేలి ఉంటుంది. జట్టుకు పదకొండుమంది. దాడి చేసే జట్టులో క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు బంతి అందుకొని, పరుగెత్తుతున్న తోటివాడికి విసరాలి. ఎదుటి జట్టువాళ్ళు అతన్ని పడగొట్టడానికి మీదికి ఉరుకుతారు. ముందు వరుసలోని అయిదుగురు వాళ్ళను అడ్డుకోవాలి. వాళ్ళు బలహీనులైతే క్వార్టర్‌బ్యాక్‌కు ఆలోచించే వ్యవధి ఉండదు. అతని పడుగు వాళ్ళే! అతను విసిరిన బంతిని ప్రత్యర్థి పట్టుకుంటే దాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు. అది పెద్ద నష్టం. బంతితో ఎదుటివారి గీత దాటితే టచ్‌డౌన్. అది పెద్ద లాభం.

1998లో కొత్త ఆటగాళ్ళ ఎంపికలో మొదటివాడుగా పేటన్ మానింగ్‌ను ఇండియానాపోలిస్ జట్టు తీసుకున్నది. రెండవవాడుగా రయన్ లీఫ్‌ను శాన్‌డియేగో జట్టు తీసుకున్నది. రెండూ అంతకు ముందు ఏడాది ఓటములతో చితికిన జట్లే. మొదటి సీజన్ ముగిసేసరికి మానింగ్ జట్టు 16 మ్యాచ్‌లలో 3 గెలిచింది. లీఫ్ జట్టు 5 గెలిచింది. మానింగ్ వేసిన ఇంటర్‌సెప్షన్లు 28. అప్పటివరకు ఏ కొత్త క్వార్టర్‌బ్యాక్ కూడా అన్ని వేయలేదు. లీఫ్ వేసినవి 15. ఈ రెండు అంకెలే చూస్తే ఎవరు మెరుగు? లీఫ్ అంటారు!

ఇప్పుడు మీరు లెక్కల పుస్తకం తెరవండి. మానింగ్ ఆ ఏడు విసిరిన బంతులు 575. లీఫ్ విసిరినవి 245 మాత్రమే. కాబట్టి 100 బంతులకు ఎన్ని అని లెక్క కట్టాలి.

తోటివాడికి సరిగా చేరినవి: మానింగ్ 326, అంటే 100కు దాదాపు 57. లీఫ్ 111, అంటే 100కు 45.

టచ్‌డౌన్లు: మానింగ్ 26, అంటే 100కు 4.5. లీఫ్ 2, అంటే 100కు 0.8.

ఇంటర్‌సెప్షన్లు: మానింగ్ 28, అంటే 100కు 4.9. లీఫ్ 15, అంటే 100కు 6.1.

బొమ్మ తలకిందులయింది. జట్టు గెలుపులూ, మొత్తం తప్పులూ చెప్పనిది నిష్పత్తి చెప్పింది. వందల బంతుల మీద 57కూ 45కూ మధ్య ఉన్న తేడా కేవలం అదృష్టం వల్ల రావడం అరుదు. అయితే ఇందులో జట్టు వాటా ఎంతో ఈ లెక్క కూడా పూర్తిగా చెప్పలేదు.

మరుసటి ఏడు, 1999లో, మానింగ్ జట్టు 16లో 13 మ్యాచ్‌లు గెలిచింది. అతని ఇంటర్‌సెప్షన్లు 15కు తగ్గాయి. అంత మార్పు ఒక్కడి వల్లనే వచ్చిందా? కాదు. ఆ ఏడే ఎడ్జరిన్ జేమ్స్ అనే గొప్ప పరుగుల ఆటగాడు జట్టులో చేరాడు. ఓటమిలో వాటాలున్నట్లే గెలుపులోనూ వాటాలుంటాయి. మానింగ్ రెండుసార్లు ఛాంపియన్‌షిప్ గెలిచి 2016లో ఆట విరమించాడు. లీఫ్ ఆట 2001తోనే ముగిసింది. మొత్తం 25 మ్యాచ్‌లలో అతని టచ్‌డౌన్లు 14, ఇంటర్‌సెప్షన్లు 36.

నిర్ణయం వేరు, తీర్పు వేరు

మళ్ళీ మన బడి మైదానానికి వద్దాం. ఆదివారం మ్యాచ్ ఉంది. పదకొండుమందిని ఎంచుకోక తప్పదు. "నమూనా చాలదు, ఇంకా నలభై మ్యాచ్‌లు కావాలి" అని కెప్టెన్ కూర్చుంటే ఆట నడవదు. ఉన్న సాక్ష్యంతోనే నిర్ణయం తీసుకోవాలి. "ఈ ఆదివారం నీ బదులు ఇంకొకరు ఆడతారు" అనడం ఒక నిర్ణయం. రేపు దాన్ని మార్చుకోవచ్చు. "నీకు బౌలింగ్ రాదు, ఇక మానేయి" అనడం తీర్పు. మూడు సున్నలు నిర్ణయానికి కొంత పనికివస్తాయి. తీర్పుకు ఏమాత్రం పనికిరావు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల ఎందరో పిల్లలు మైదానం వదిలి వెళ్ళిపోతున్నారు. వెళ్ళిపోయినవారికి తర్వాత నమూనా ఉండదు. మన తీర్పు తప్పని రుజువు చేసే అవకాశమే మిగలదు. తప్పుడు తీర్పులోని అసలు ప్రమాదం ఇదే.

మరి తొందరగా నిజం తెలుసుకునే దారి లేదా? కొంత ఉంది. వికెట్ అరుదైన సంఘటన. మూడు మ్యాచ్‌లలో రెండో మూడో జరుగుతుంది. కాని ఆ మూడు మ్యాచ్‌లలో బౌలర్ వేసేవి 72 బంతులు. ప్రతి బంతీ ఎక్కడ పడిందో రాసుకుంటే 72 సాక్ష్యాలు దొరుకుతాయి. బంతి పడే చోటు చాలావరకు బౌలర్ చేతిలోనే ఉంటుంది. క్యాచ్ పట్టడం అతని చేతిలో లేదు. కాబట్టి ఫలితాన్ని కాక పనిని కొలిస్తే, తక్కువ కాలంలో ఎక్కువ తెలుస్తుంది. అనుభవం ఉన్న నేతగాడు చేసేది కూడా అదే. చీర ధర ఎంత పలికిందని అడగడు. పక్కన కూర్చొని, కుర్రవాడి చేయి పేకను ఎలా వేస్తున్నదో చూస్తాడు.

మీరే చేసి చూడండి

1. చింతగింజల చెంబుతో తరగతిలో పదిమంది తలా అయిదు మ్యాచ్‌లు "ఆడండి". ఒక్కొక్కరి వికెట్లు పట్టికలో రాయండి. అందరి చెంబూ ఒకటే అయినా, ఎవరు "మేటి బౌలర్"గా తేలారు? ఎవరు "పనికిరానివారు"గా తేలారు? మరో అయిదు మ్యాచ్‌లు ఆడితే ఆ వరుస అలాగే ఉంటుందా?

2. చెంబులో 24 గింజలకు బదులు 36 గింజలు పెట్టండి. చుక్క గింజ ఒకటే. ఇది నేర్పు తక్కువ బౌలర్. రెండు చెంబులనూ గుడ్డతో కప్పి స్నేహితుడికి ఇవ్వండి. ఎన్ని మ్యాచ్‌ల తర్వాత ఏది ఏ చెంబో అతను ధైర్యంగా చెప్పగలిగాడు?

3. మీ బడి మైదానంలో, మంచి బంతి పడవలసిన చోట సున్నంతో రెండు గీతలు గీయండి. ఒక కొత్త బౌలర్, ఒక పాత బౌలర్ తలా 60 బంతులు వేయాలి. గీతల మధ్య పడినవి ఎన్ని? 100కు ఎన్ని? పదిహేను రోజుల తర్వాత మళ్ళీ కొలవండి.

4. మూడు నెలల పరీక్షలో ఒక విద్యార్థినికి లెక్కల్లో 35 మార్కులు వచ్చాయి. ఆ అంకెలో ఆమె నేర్పు కాక ఇంకా ఎవరెవరి వాటాలు ఉండవచ్చు? ఒక జాబితా రాయండి. వాటిని విడదీయడానికి ఏమేమి కొలవాలో ఆలోచించండి.

ఈ నాలుగో ప్రశ్న ఆటల గురించి కాదని గమనించారు కదా! ఈసారి ఎవరినైనా ఒక్క అంకెతో తూచబోయే ముందు, అందులో పడుగు ఎంతో, పేక ఎంతో ఒకసారి అడిగి చూడండి. ఆ అంకె మీదే అయినా సరే.